మన మిరియాలు దిగిన రేవు: ఎర్ర సముద్రం ఒడ్డున కుసైర్ కథ

ఈజిప్ట్ ట్రిప్ అనగానే మన వాళ్ల రీల్స్‌లో పిరమిడ్లు, తర్వాత హుర్గాదా, షర్మ్ ఎల్ షేక్ రిసార్ట్లు. ఇంతే. హుర్గాదా నుంచి ఎర్ర సముద్రం ఒడ్డు వెంబడి దక్షిణంగా ఓ 140 కిలోమీటర్లు వెళ్తే కుసైర్ అని ఒక చిన్న ఊరు వస్తుంది. ట్రావెల్ సైట్లలో దీని గురించి ఎప్పుడూ ఒకటే మాట: ప్రశాంతమైన ఊరు, డైవింగ్ బాగుంటుంది, బీచ్‌లో జనం ఉండరు, వెనకాల ఎడారికి జీపులో వెళ్లి రావచ్చు.

అంతా నిజమే. కానీ నాకు ఆ "ప్రశాంతం" అన్న మాట దగ్గర ఎప్పుడూ ఒక డౌట్ వస్తుంది. ఏ ఊరైనా ఊరికే ప్రశాంతంగా ఉండదు కదా. ఒకప్పుడు అక్కడ పని ఉండి, ఆ పని పోతే ఊరు ప్రశాంతం అవుతుంది. కుసైర్‌కి అలా ఒకసారి కాదు, చాలా సార్లు జరిగింది. అందుకే ఈ ఎపిసోడ్‌లో బీచ్ గురించి తక్కువ, ఆ బీచ్ దగ్గర దిగిన సరుకు గురించి, మనుషుల గురించి ఎక్కువ మాట్లాడతాను.

ముందు మ్యాప్ ఓపెన్ చేయండి. నైలు నది దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. మధ్యలో కెనా అనే ఊరి దగ్గర పెద్ద వంపు తిరుగుతుంది, తూర్పు వైపుకి. అంటే నది సముద్రానికి బాగా దగ్గరగా వచ్చేది అక్కడే. అక్కడి నుంచి సముద్రం దాకా దాదాపు 180 కిలోమీటర్ల ఎడారి. మధ్యలో వాదీ హమ్మామాత్ అని ఎండిపోయిన వాగు దారి ఉంది, నల్లటి కొండల మధ్య నుంచి సముద్రం వైపు వెళ్తుంది. ఆ దారి చివర ఉన్న ఊరే కుసైర్. నాలుగు వేల ఏళ్ల చరిత్ర మొత్తం ఈ ఒక్క వంపు మీద ఆధారపడి ఉంది.

ఫారోల కాలంలోనే ఈ దారిలో జనం తిరిగారు. కుసైర్‌కి ఉత్తరంగా మెర్సా గవాసిస్ అనే చోట గుహలు తవ్వితే చుట్టలు చుట్టి పెట్టిన ఓడ తాళ్లు, ఓడ చెక్కలు, సరుకు పెట్టెలు దొరికాయి. ఆ పెట్టెల మీద పుంట్ దేశం సరుకు అని రాసి ఉంది. వాళ్లు ఏం చేశారో తెలుసా? నైలు ఒడ్డున ఓడ తయారు చేసి, దాన్ని ముక్కలుగా విప్పి, ఆ చెక్కలన్నీ ఎడారి దాటించి, సముద్రం దగ్గర మళ్లీ బిగించారు. తిరిగొచ్చాక మళ్లీ విప్పి, తాళ్లు నీట్‌గా చుట్టి గుహలో దాచారు.

ఇంకొకటి. క్రీ.పూ. 1150 ప్రాంతంలో నాలుగో రామ్‌సెస్ అనే ఫారో రాయి తెప్పించడానికి వాదీ హమ్మామాత్‌కి ఎనిమిది వేల మందికి పైగా పంపాడు. ఆ లెక్క అక్కడి కొండ మీదే చెక్కి ఉంది. అధికారులు ఇంతమంది, సైనికులు ఇంతమంది, రాళ్లు కొట్టేవాళ్లు ఇంతమంది అని. చివర్లో ఇంకో వరుస ఉంది: లెక్కలోంచి తీసేసిన, చనిపోయిన వాళ్లు 900. ఎడారి సఫారీలో గైడ్ ఈ కొండ దగ్గర జీపు ఆపితే అందరూ సెల్ఫీలు తీసుకుంటారు. తీసుకోండి, తప్పేం లేదు. ఆ అంకె మాత్రం గుర్తుపెట్టుకోండి.

సరే, ఇప్పుడు మనకు సంబంధించిన భాగానికి వద్దాం.

కుసైర్ ఊరికి ఉత్తరంగా ఓ 8 కిలోమీటర్ల దూరంలో కుసైర్ అల్ ఖదీం అనే చోటు ఉంది. అంటే పాత కుసైర్. చూడ్డానికి ఇసుక దిబ్బలు, కుండ పెంకులు. పక్కనే ఒక చక్కటి రిసార్ట్, దాని ముందు డైవింగ్‌కి పేరున్న చిన్న అఖాతం. ఆ దిబ్బల కింద ఉన్నది మియోస్ హోర్మోస్. రోమన్ల కాలంలో ఇండియాకి ఓడలు బయల్దేరిన రెండు పెద్ద రేవుల్లో ఒకటి. రెండోది బెరెనికె, ఇంకా దక్షిణంగా ఉంటుంది. చాలా కాలం పండితులు ఈ చోటుని వేరే రేవు అనుకున్నారు. 1978 నుంచి 1982 దాకా చికాగో యూనివర్సిటీ వాళ్లు తవ్వారు, తర్వాత 1999 నుంచి 2003 దాకా సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్లు. అప్పటికి గానీ ఇదే మియోస్ హోర్మోస్ అని గట్టిగా తేలలేదు.

స్ట్రాబో అనే గ్రీకు రచయిత క్రీ.పూ. 26 ప్రాంతంలో ఈజిప్ట్‌లో తిరిగాడు. ఈ రేవు నుంచి ఏటా 120 ఓడలు ఇండియాకి వెళ్తున్నాయని రాశాడు. అవి ఎప్పుడు బయల్దేరేవి? జులైలో. ఎందుకంటే అప్పుడే నైరుతి గాలి వీస్తుంది. మనకు ఏరువాక తర్వాత వాన తెచ్చే గాలే, వాళ్ల తెరచాపలు నింపి మలబారు తీరానికి తోసేది. మళ్లీ చలికాలంలో గాలి తిరగబడగానే మిరియాలు, ముత్యాలు, బట్టలు వేసుకుని వెనక్కి. ఒక్క రౌండ్‌కి దాదాపు ఏడాది.

ఇక్కడ మీకో ప్రశ్న రావాలి. సరుకు చివరికి వెళ్లాల్సింది అలెగ్జాండ్రియాకి కదా, మరి ఓడలో నేరుగా పైకి, సూయెజ్ దాకా వెళ్లొచ్చు కదా? ఎడారి మధ్యలో ఎందుకు దింపడం? సమాధానం మళ్లీ గాలే. ఎర్ర సముద్రం ఉత్తర భాగంలో ఏడాదంతా ఎక్కువగా ఉత్తరం నుంచే గాలి వీస్తుంది. తెరచాప ఓడకి అది ఎదురుగాలి. పైగా రెండు వైపులా పగడపు దిబ్బలు. తగిలితే ఓడ పోయినట్టే. దానికన్నా ఒంటెల మీద ఆరేడు రోజులు ఎడారి దాటించి, నైలులో పడవ ఎక్కించడం నయం.

డైవింగ్ చేసేవాళ్లు ఇది వినండి. ఈ తీరం పొడవునా పగడపు గోడ ఉంటుంది, మధ్యలో అక్కడక్కడా సందులు. ఆ సందుల దగ్గరే మీరు నీళ్లలోకి దిగుతారు. ఎందుకు వచ్చాయి ఆ సందులు? ఎప్పుడో ఒకసారి ఎడారిలో కుండపోత వాన పడుతుంది, వాగు పొంగి మంచినీళ్లు, బురద సముద్రంలోకి వస్తాయి. పగడానికి ఆ రెండూ పడవు. అందుకే వాగు కలిసే చోట అది పెరగదు. అరబ్బీలో ఇలా ఓడ ఆగే చోటుని మర్సా అంటారు, మర్సా ఆలం పేరులో ఉన్నది అదే. రెండు వేల ఏళ్ల కింద నావికుడికి ఓడ లోపలికి తెచ్చుకోవడానికి దారి ఇచ్చిన సందు, ఈరోజు మీకు ఫిన్స్ వేసుకుని దిగడానికి దారి ఇస్తోంది. తమాషా ఏంటంటే, రేవుని పుట్టించిన ఆ బురదే రేవుని చంపింది కూడా. మియోస్ హోర్మోస్ మెల్లగా పూడిపోయింది. ఒడ్డు గట్టిపడాలని వాళ్లు ఖాళీ సారా జాడీలు వరసగా పేర్చి పాతిపెట్టారు. తవ్వకాల్లో ఆ జాడీల వరసలు బయటపడ్డాయి. అయినా మట్టి గెలిచింది.

ఆ తవ్వకాల్లో ఇంకేం దొరికాయంటే, కుండ పెంకుల మీద తమిళ బ్రాహ్మీ లిపిలో పేర్లు. కణన్, చాతన్. అంటే ఇక్కడి మనుషులు అక్కడ ఉన్నారు, వాళ్ల కుండ మీద వాళ్ల పేరు రాసుకున్నారు. మన హాస్టల్లో స్టీలు గ్లాసు మీద పేరు కొట్టించుకున్నట్టు. మన టేకు చెక్క కూడా దొరికింది, పాత ఓడల్ని విప్పి మళ్లీ వాడుకున్న చెక్క.

"మరి తెలుగువాళ్లు?" అని అడుగుతారని తెలుసు. ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడతాను, ఎందుకంటే వాట్సాప్‌లో ఈ టాపిక్ మీద తిరిగే ఫార్వర్డ్‌లు సగం కట్టుకథలు. రోమన్ ఓడలు ఎక్కువగా వచ్చింది పశ్చిమ తీరానికి, మన వైపుకి కాదు. కానీ అదే కాలంలో ఒక గ్రీకు వ్యాపారి రాసిన పెరిప్లస్ అనే పుస్తకంలో మసాలియా అనే ప్రాంతం ఉంది, అక్కడ సన్నటి బట్ట చాలా నేస్తారని. అది మన కృష్ణా డెల్టా, మచిలీపట్నం వైపు అని పండితుల మాట. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేల కుప్ప దొరికింది. కొండాపూర్‌లో రోమన్ నాణెంలా మట్టితో అచ్చు వేసి మెడలో వేసుకునే బిళ్లలు దొరికాయి. నాకు నిజం నాణెం కన్నా ఈ మట్టి బిళ్లే ఎక్కువ ఇష్టం. ఎవరో ఆ బొమ్మ చూసి ముచ్చటపడి, బంగారం కొనలేక మట్టితో చేయించుకున్నారనిపిస్తుంది.

అటు వైపు నుంచి కూడా ఒక సాక్ష్యం వచ్చింది. 2023లో ఈజిప్ట్ ప్రభుత్వం బెరెనికె తవ్వకాల వార్త చెప్పింది. పాలరాతి బుద్ధుడి విగ్రహం, ఒక సంస్కృత శాసనం, వాటితో పాటు రెండు శాతవాహన నాణేలు. విగ్రహం ఫొటో అందరూ షేర్ చేశారు, నాణేల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అదే బెరెనికెలో అంతకుముందు 1999లో ఒక గుడి ఆవరణలో పాతిపెట్టిన ఇండియా జాడీ దొరికింది. అందులో ఏడున్నర కిలోల మిరియాలు. ఇవాళ్టి ధరకి లెక్కేసుకోండి. అప్పుడైతే ప్లినీ అనే రోమన్ పెద్దాయన, ఇండియా ఏటా మన దగ్గర 5 కోట్ల సెస్టెర్సులు లాగేస్తోందని తెగ బాధపడిపోయాడు.

ఈ వ్యాపారం మొత్తానికి కాపలా ఎవరు? ఎడారి దారి పొడవునా చిన్న చిన్న కోటల్లో సిపాయిలు. వాళ్లకి కాగితం లేదు, పగిలిన కుండ పెంకుల మీదే ఉత్తరాలు రాసుకున్నారు. అలాంటివి వేల కొద్దీ దొరికాయి. యుద్ధాల గురించి తక్కువ. కూరగాయలు పంపించు, రొట్టె అందిందా, నీళ్లు వచ్చాయా, ఇవే ఎక్కువ. అచ్చం మన ఫ్యామిలీ గ్రూప్ మెసేజీలే.

రోమన్లు పోయారు, రేవు వెయ్యేళ్లు పడుకుంది. 13వ శతాబ్దంలో మళ్లీ లేచింది. అక్కడే అబూ ముఫర్రిజ్ అనే షేక్ ఇంట్లో కాగితపు ఉత్తరాలు దొరికాయి. గోధుమలు, పిండి, బాకీలు, అన్నీ వ్యాపారం లెక్కలు. మన గుజరాత్ వైపు అద్దకం బట్టల పీలికలు కూడా దొరికాయి. తర్వాత ఒట్టోమన్లు 16వ శతాబ్దంలో ఇప్పటి ఊళ్లో కోట కట్టారు. మక్కా యాత్రికులు, అరేబియాకి వెళ్లే ధాన్యం, అన్నీ కుసైర్ మీదుగానే.

ఇప్పుడు నాకు ఈ కథలో అన్నిటికన్నా వింతగా అనిపించే ముక్క. 1801. నెపోలియన్ వదిలి వెళ్లిన ఫ్రెంచి సైన్యం ఈజిప్ట్‌లో ఉంది. వాళ్ల మీదకి ఇంగ్లిష్ వాళ్లు ఇండియా నుంచి సైన్యం పంపారు. దాని నాయకుడు డేవిడ్ బెయిర్డ్. శ్రీరంగపట్నంలో హైదర్ అలీ, టిప్పు దగ్గర మూడున్నరేళ్లకు పైగా ఖైదీగా ఉండి, 1799లో అదే కోట మీద దాడికి ముందు నడిచిన మనిషి. జూన్‌లో కుసైర్‌లో దిగాడు. బొంబాయి సిపాయిలు, మద్రాసు వైపు నుంచి వెళ్లిన పయనీర్లు, గోరా పటాలాలు, అన్నీ కలిపి వేల మంది. జూన్ నెల, ఎడారి. పగలు పడుకుని రాత్రి నడిచారు, తోలు సంచుల్లో నీళ్లు మోసుకుంటూ. స్ట్రాబో కూడా పాత రోజుల్లో వర్తకులు ఇలాగే నీళ్లు మోసుకుంటూ, చుక్కలు చూసుకుంటూ రాత్రి నడిచేవాళ్లని రాశాడు. పద్ధతి మారలేదు.

అంత కష్టపడి నైలు చేరి, పడవల్లో కైరో దగ్గరికి వెళ్లేసరికి ఫ్రెంచి వాళ్లు అక్కడ లొంగిపోయారు. కొట్లాట అయిపోయింది. ఇప్పుడు బెంగళూరులో ఉన్న మద్రాస్ సాపర్స్ రెజిమెంట్ ఆ పయనీర్ల వారసులే, వాళ్ల గౌరవ చిహ్నాల్లో స్ఫింక్స్ బొమ్మ, ఈజిప్ట్ అన్న మాట ఉంటాయి. ఆ పయనీర్లలో మన జిల్లాల వాళ్లు ఉన్నారా? పేర్లు రాసిపెట్టింది ఆఫీసర్లవి. నడిచిన వాళ్లవి కాదు. రెండు వేల ఏళ్ల కింద కుండ పెంకు మీద కణన్ పేరు మిగిలింది, 220 ఏళ్ల కింద నడిచిన సిపాయికి ఆ పాటి కూడా దక్కలేదు. ఇది నాకు మింగుడు పడదు.

తర్వాత కథ చిన్నది. 1869లో సూయెజ్ కాలువ తెరిచారు. ఆవిరి ఓడకి ఎదురుగాలితో పనేముంది? ఒంటెల దారి, కుసైర్ కస్టమ్స్, యాత్రికుల సత్రాలు, అన్నీ కొన్నేళ్లలో చల్లబడ్డాయి. 20వ శతాబ్దం మొదట్లో ఇటలీ వాళ్లు ఫాస్ఫేట్ గనులు పెడితే ఊరికి మళ్లీ పని దొరికింది. అదీ పోయింది. ఇప్పుడు డైవింగ్. ట్రావెల్ సైట్ "ప్రశాంతం" అని రాసేది దీన్నే.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. వీలైతే హుర్గాదా నుంచి కాకుండా లక్సర్ వైపు నుంచి, కిఫ్త్ మీదుగా వాదీ హమ్మామాత్ రోడ్డులో కుసైర్‌కి రండి. విదేశీయులకి ఆ రోడ్డు మీద చెకింగ్ ఉండొచ్చు, బండి మాట్లాడుకునే ముందే అడిగి తెలుసుకోండి. పాత కుసైర్ దిబ్బల్లో కుండ పెంకు కనిపిస్తే ఫొటో తీయండి, జేబులో మాత్రం వేసుకోకండి, అక్కడ అది నేరం. దారిలో ఫోన్ కాసేపు పక్కన పెట్టి కిటికీ దగ్గర కూర్చోండి. కొండ కొసల మీద రాళ్లు పేర్చిన చిన్న చిన్న గూళ్లలాంటివి కనిపిస్తాయి, ఒకదాని నుంచి ఇంకొకటి కనిపించేలా. అవి ఆ కూరగాయలు అడిగిన సిపాయిల కాపలా బురుజులు.