సెట్టింగ్స్‌లో దాక్కున్న మువఖ్ఖిత్

మొన్నటి రంజాన్‌లో నా రోజా ఒకటి పోయింది. పోగొట్టింది నా ఫోన్. ఈ మాటని అబ్బా ఒప్పుకోరు. ముందు జరిగింది చెప్తాను.

గుంటూరు ఇంట్లో నాలుగు రోజులుండి హైదరాబాద్ తిరిగొస్తున్నాను. ముసాఫిర్‌కి రోజా వదిలే రుఖ్సత్ ఉందని తెలుసు. కానీ ఏసీ బస్సులో కూర్చోవడమే కదా, అదేం కష్టం అని ఉన్నాను. హయత్‌నగర్ దగ్గరికి వచ్చేసరికి జేబులో ఫోన్ అజాన్ ఇచ్చింది. కిటికీకి తెర వేసి ఉంది. అమ్మీ డబ్బాలో పెట్టిచ్చిన ఖజూర్ తీసి, దువా చదువుకుని, నోట్లో వేసుకున్నాను. నీళ్లు తాగుతూ తలెత్తి ముందుకు చూస్తే డ్రైవర్ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని నడుపుతున్నాడు. బస్సు పడమటికి పోతోంది. ముందు అద్దంలో సూర్యుడు నేల మీద వేలెడు ఎత్తులో, ఎర్రగా, నిదానంగా ఉన్నాడు.

నాలుగు రోజుల క్రితం బ్యాటరీ ఆదా చేద్దామని లొకేషన్ ఆపేశాను. ఫోన్ దృష్టిలో నేనింకా గుంటూరులోనే ఉన్నాను. గుంటూరులో సూర్యుడు హైదరాబాద్ కంటే సుమారు 8 నిమిషాల ముందు అస్తమిస్తాడు. అంటే నా అజాన్ అబద్ధం కాదు. నిజమైన వక్తే, కాకపోతే వేరే ఊరిది.

ఇంటికి ఫోన్ చేసి చెప్తే అబ్బా ఒక్కటే అన్నారు. "సూరజ్ నై దిఖ్యా క్యా రే తేరేకు?" మౌలానాని అడిగితే కఫ్ఫారా లేదు, ఖజా ఉంది అన్నారు. ఒక రోజుతో పోయింది. కానీ ఆ ఎర్ర సూర్యుడు చాలా రోజులు నన్ను వదల్లేదు.

ఎందుకంటే నా రోజంతా ఈ ఫోనే నడుపుతుంది. పేపర్ డెస్కులో పని. ఎడిషన్ టైము దాటితే పేజీ ఆగదు, మనమే ఆగిపోతాం. అందుకని మీటింగులకి ఒక క్యాలెండర్, చెయ్యాల్సిన పనులకి ఒక జాబితా యాప్, ధ్యాస చెదరకుండా రాసుకోవడానికి 25 నిమిషాల టైమర్ పెట్టుకున్నాను. ఆ టైమర్ పద్ధతి పేరు పొమొడోరో. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి చదువు మీద మనసు నిలవక వంటింటి టైమర్ ముందు పెట్టుకున్నాడట. అది టమాటా ఆకారంలో ఉంది. ఇటలీ భాషలో పొమొడోరో అంటే టమాటా. ఇప్పుడు ఆ టమాటా కోట్ల ఫోన్లలో తిరుగుతోంది. వీటన్నిటి మధ్య నమాజు వేళల యాప్ కూడా ఒకటి. దాన్ని కూడా మిగతావాటిలాగే నమ్మాను. తెరిచి లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత చూశాను. లోపల ఒక లెక్క ఉంది. ఆ లెక్క వెనక మనుషులున్నారు. వాళ్లలో కొందరు పోయి వెయ్యేళ్లు దాటింది.

మొదట్లో ముఅజ్జిన్లే నీడ చూసి వేళ చెప్పేవారు. మనిషి తన నీడని తన పాదాలతోనే కొలుచుకోవడం, రాత్రి పూట చుక్కల గుంపులు చూసుకోవడం, అంతే. 9వ శతాబ్దంలో బగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ ఉన్నాడు. ఆల్జీబ్రా అన్న మాట ఆయన కితాబు పేరులోంచి వచ్చింది. అల్గారిథం అన్న మాట ఆయన పేరులోంచే వచ్చింది. ఇది మన పిల్లలకి స్కూల్లో చెప్తున్నారు, సంతోషం. చెప్పనిది ఇంకోటి ఉంది. మనకు దొరికిన నమాజు వేళల పట్టికల్లో అన్నిటికంటే పాతవి, బగ్దాద్ ఊరి కోసం వేసినవి, ఆయన పేరు మీదే ఉన్నాయి. అంటే అల్గారిథంకి పేరిచ్చిన మనిషే నమాజు టైం టేబుల్ కూడా వేశాడన్నమాట.

తర్వాత కాహిరాలో ఫాతిమీల కాలంలో ఇబ్న్ యూనుస్. 1009లో ఇంతెఖాల్ అయ్యాడు. కాహిరా కోసం ఆయన మొదలుపెట్టిన పట్టికలకి తర్వాతి తరాల వాళ్లు చేర్చుకుంటూ పోయి సుమారు 200 పేజీలు చేశారు. 19వ శతాబ్దం దాకా అక్కడ అవే నడిచాయి. ఈరోజు ఏ యాప్ అయినా అంతకాలం బతుకుతుందా? నా పాత ఫోన్లో ఉన్న జాబితా యాప్ మూడేళ్లకే మూతపడింది. అందులో నేను రాసుకున్నవన్నీ దాంతోపాటే పోయాయి.

13వ శతాబ్దానికి మిస్ర్‌లో మమ్లూకుల ఏలుబడిలో మస్జిద్‌లకి ఒక కొత్త కొలువు వచ్చింది. మువఖ్ఖిత్. వక్త్ చూసేవాడు. ముఅజ్జిన్‌కి గొంతు కావాలి, ఇతనికి హిసాబ్ కావాలి. జీతం తీసుకుని, ఆ ఊరి ఆకాశాన్ని కొలిచి, ఫలానా నమాజు వేళ ఇదీ అని చెప్పే బాధ్యత. తప్పైతే ఎవరిని అడగాలో మొహల్లా మొత్తానికీ తెలుసు.

ఈ కొలువులో అందరికంటే పేరున్న మనిషి దమిష్క్ ఉమయ్యద్ మస్జిద్‌లో పనిచేసిన ఇబ్న్ అల్ షాతిర్. 1304లో పుట్టి 1375లో పోయాడు. 1371-72లో ఆ మస్జిద్ మీనార్ మీద పెట్టడానికి సుమారు 2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పున్న పాలరాతి పలక మీద నీడ గడియారం చెక్కాడు. మామూలు నీడ గడియారం ఎంత టైం అయిందో చెప్తుంది. ఇది సూర్యుడు వచ్చి ఎంతసేపైంది, పోవడానికి ఎంతసేపుంది అని కూడా చెప్తుంది. ఇప్పుడు మన ఫోన్ తెర మీద "ఇఫ్తార్‌కి ఇంకా ఇన్ని నిమిషాలు" అని కౌంట్‌డౌన్ నడుస్తుందే, అదే పని ఆయన రాతి మీద చేశాడు. తర్వాత ఆ రాయి పగిలింది. 19వ శతాబ్దంలో అక్కడి మువఖ్ఖిత్ తంతావీ దానికి అచ్చంగా నకలు చేసి పెట్టాడు. పాత ముక్కలు దమిష్క్ మ్యూజియంలో ఉన్నాయి.

నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం అదే మస్జిద్‌లో అదే కాలంలో పనిచేసిన షంసుద్దీన్ అల్ ఖలీలీ. దమిష్క్ కోసం రోజువారీ నమాజు పట్టికలు వేశాడు. అక్కడితో ఆగలేదు. ఏ ఊరివాడికైనా పనికొచ్చేలా ఇంకో సెట్ తయారుచేశాడు. అందులో 13,000కి పైగా లెక్కకట్టిన అంకెలున్నాయి. వాటిని వాడే తీరు చూడండి. మీ ఊరు భూమధ్యరేఖకి ఎంత దూరంలో ఉందో, సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో పెట్టుకుని మొదటి పట్టిక చూడాలి. మీ ఊరు, ఆ రోజు సూర్యుడు ఉత్తరానికో దక్షిణానికో ఎంత జరిగాడో పెట్టుకుని రెండోది చూడాలి. మొదటి అంకెలోంచి రెండోది తీసెయ్యాలి. వచ్చిన దాంతో మూడో పట్టిక చూస్తే జవాబు దొరుకుతుంది. సూర్యుడు నడినెత్తిన దాటి ఎంతసేపైందో, దాటడానికి ఎంతసేపుందో అదే చెప్తుంది. గుణకారం లేదు, భాగహారం లేదు. ఒక్క తీసివేత.

కష్టమంతా ఒకడు ఒక్కసారి పడి, మిగతావాళ్లకి తేలిక చేసి పెట్టడాన్ని మనం ఇప్పుడు సాఫ్ట్‌వేర్ అంటున్నాం. ఖలీలీ కాగితం మీద రాశాడు. యాప్ చేసే త్రికోణమితి కూడా అదే, మార్చిందేమీ లేదు. మువఖ్ఖిత్‌కి పట్టికలు తిరగెయ్యడానికి పట్టిన కొద్ది నిమిషాలు ఫోన్‌కి పట్టవు, అంతే తేడా.

లెక్కలోకి ఏం వెయ్యాలన్నది మాత్రం లెక్క చెప్పదు. ఫజర్ ఎప్పుడు మొదలు? సూర్యుడు నేలకింద ఎన్ని డిగ్రీలుంటే? పాత పట్టికల్లో 18 అన్నవాళ్లున్నారు, 19, 20 అన్నవాళ్లున్నారు. ఇప్పటి యాప్ సెట్టింగ్స్ తెరవండి, అదే బహస్ ఇంకా నడుస్తోంది. కరాచీ పద్ధతి 18. ఉత్తర అమెరికా వాళ్ల ఇస్నా పద్ధతి 15. ఈజిప్టు వాళ్లది 19.5. మక్కా ఉమ్ముల్ ఖురా పద్ధతిలో ఫజర్‌కి 18.5, ఇషాకి డిగ్రీల ఊసే లేదు, మగ్రిబ్ తర్వాత 90 నిమిషాలు, రంజాన్‌లో 120. హైదరాబాద్‌లో 15 పెట్టుకున్నవాడికీ 18 పెట్టుకున్నవాడికీ సహరీ ముగిసే వేళలో 15 నిమిషాల దాకా తేడా వస్తుంది. అసర్‌కి మన హనఫీల దగ్గర వస్తువుకి రెండింతల నీడ, షాఫయీల దగ్గర ఒక్కింత. బార్కస్‌లో ఒకరి ఫోన్, మాసాబ్ ట్యాంక్‌లో ఒకరి ఫోన్ వేర్వేరు వేళలకి మోగుతాయి. రెండూ సరైనవే.

అమెరికాలో ఉన్న మా తమ్ముడు సెలవులకి వస్తే అతని ఫోన్ ఇక్కడ కూడా 15 మీదే ఉంది. వారం రోజులు మేం సహరీ ముగించి నియ్యత్ చేసుకున్నాక కూడా అతను పరాఠా తింటూనే ఉన్నాడు. "టైముంది భాయ్‌జాన్, ఫోన్లో చూడండి" అనేవాడు. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడైతే అతని ఫోన్ తీసుకుని చూసేవాణ్ణి.

నమాజు యాప్‌కి మిగతా యాప్‌లకీ అసలు తేడా కూడా ఇక్కడే ఉంది. మా ఇళ్లల్లో పనులకి వేళ పెట్టే తీరు మీకు తెలుసు. "అసర్ కే బాద్ మిల్తే". "మగ్రిబ్ తర్వాత పెళ్లివారు వస్తారు". "జుమా అయ్యాక బ్యాంకుకి పోదాం". ఇది ఎవరూ ఎగతాళి చెయ్యాల్సిన అలవాటు కాదు, ఒక పద్ధతి. రోజుని ఐదు మేకులు కొట్టి వేలాడదీసినట్టు. కానీ ఇదే మాట క్యాలెండర్ యాప్‌లో రాయబోతే కుదరదు. దానికి అంకె కావాలి. ప్రతి గురువారం మగ్రిబ్ తర్వాత ఒక దర్స్‌కి వెళ్తాను. హైదరాబాద్‌లో నవంబర్ చివర మగ్రిబ్ 5:40కి, జూలై మొదట్లో 6:55 దగ్గర. యాప్‌లో ఏ గంట రాయాలి? ఏడాదికి నాలుగుసార్లు మారుస్తున్నాను.

ఒకప్పుడు గడియారాలే రోజుకి తగ్గట్టు సాగేవి. పగటిని ఎంత పొడుగున్నా 12 భాగాలు చేసేవారు. మన హైదరాబాద్ పగలు జూన్‌లో 13 గంటలు దాటుతుంది, డిసెంబర్‌లో 11 గంటల దగ్గర ఆగుతుంది. అలాంటి గంట ఇక్కడ వేసవిలో 66 నిమిషాలు, చలికాలంలో 55. దియార్ బకర్‌లో అల్ జజరీ 1206లో ముగించిన కితాబులో ఒక కోట గడియారం ఉంది. నీళ్లతో నడుస్తుంది. పగటి పొడవు మారేకొద్దీ దాని నీటి ధారని సర్దుకోవచ్చు. ఉస్మానీ తుర్కుల ఇస్తాంబుల్‌లో సూర్యాస్తమయానికి గడియారంలో 12. రోజూ అది జరుగుతుంది కాబట్టి గడియారమూ రోజూ జరపాల్సిందే. మస్జిద్ ఆవరణలో మువఖ్ఖిత్‌ఖానా ఉండేది, దారిన పోయేవాళ్లు ఆగి తమ ఘడీలు సరిచేసుకునేవారు. తుర్కియా 1926లో దాన్ని వదిలి అందరి గంటలకి వచ్చేసింది.

మన దగ్గర చార్మినార్‌కి నాలుగు వైపులా గడియారాలు 1889లో వచ్చాయి. బ్రిటిష్ ఇండియాకి ఒకే టైం 1906 జనవరి 1న వచ్చింది. ఆ టైం 82.5 డిగ్రీల రేఖది, కాకినాడ దగ్గరగా పోయే రేఖ. హైదరాబాద్ దానికి 4 డిగ్రీలు పడమట. డిగ్రీకి 4 నిమిషాలు. అందుకే ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున 12 గంటల 16 నిమిషాలకి. రైలు దొరకాలంటే ఒకే టైం కావాలి, దాని మీద నాకు శికాయత్ లేదు. పేపర్ కూడా ఆ టైముతోనే అచ్చవుతుంది.

గుంటూరులో అబ్బా గది గోడకి ఒక తఖ్వీమ్ ఉంది. మస్జిద్ వాళ్లు ఏటా ఇస్తారు. పైన పెద్ద అక్షరాల్లో ఊరి పేరు. కింద చిన్న గడిలో వేరే ఊళ్ల పేర్లు, ఒక్కో ఊరికి ఎన్ని నిమిషాలు కలపాలో, ఎన్ని తియ్యాలో. ఎవరు లెక్కకట్టారో వాళ్ల పేరు. చిన్నప్పట్నుంచి ఆ గడి చూస్తూ, అదేదో ప్రెస్సువాళ్లు ఖాళీ నింపడానికి వేశారనుకున్నాను.

ఖజా రోజా షవ్వాల్‌లో ఉంచుకున్నాను. ఈసారి యాప్ తెరిచి లొకేషన్ హైదరాబాద్, పద్ధతి కరాచీ, అసర్ హనఫీ అని ఒక్కొక్కటే చూసి పెట్టుకున్నాను. ఎహ్తియాత్‌గా మగ్రిబ్‌కి 2 నిమిషాలు కలిపాను. సాయంత్రం మా అమ్మాయి మేడ మీదికెక్కి అక్కణ్ణుంచే కేకేసింది, "అబ్బూ, మునిగిపోయింది!" నిజంగా మునిగిందో, పక్క అపార్ట్‌మెంట్ వెనక్కి పోయిందో తెలీదు. ఖజూర్ చేతిలో పట్టుకుని ఫోన్ వైపు చూశాను. ఇంకా 3 నిమిషాలు అంటోంది. అందులో 2 నేను కలిపినవి. కూర్చున్నాను. అమ్మాయి కిందికి దిగొచ్చి, తనకి రోజా లేదు కాబట్టి, ముందున్న సమోసా తీసుకుంది.