పేర్లు చెరిపిన నివేదిక

బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ కాంగో నేల మీద ఎన్నడూ కాలు పెట్టలేదు. అయినా 1885 నుంచి ఆ దేశమంతా అతని సొంత జాగీరు. యూరప్‌లో టైర్లకు రబ్బరు గిరాకీ పెరిగేకొద్దీ అడవి పల్లెల మీద రబ్బరు పన్ను పడింది. తూకం తగ్గితే కొరడా దెబ్బలు, ఆడవాళ్లను బందీలుగా పట్టుకుపోవడం, కాల్పులు. ఖర్చయిన తూటాలకు లెక్కగా సిపాయిలు నరికిన చేతులు చూపించాల్సి వచ్చేది.

ఈ సంగతులు మిషనరీలు చెబుతూనే ఉన్నారు. నల్లజాతి అమెరికన్ రచయిత జార్జ్ వాషింగ్టన్ విలియమ్స్ 1890లోనే రాజుకు బహిరంగ లేఖ రాశారు. ఏ ప్రభుత్వమూ కదల్లేదు. 1903 మేలో బ్రిటిష్ కామన్స్ సభ కాంగో మీద తీర్మానం చేశాకే, అక్కడి బ్రిటిష్ కాన్సుల్ రోజర్ కేస్‌మెంట్ విచారణకు కాంగో నది ఎగువకు బయలుదేరారు.

ఆయన ప్రభుత్వ పడవ ఎక్కలేదు. అమెరికన్ బాప్టిస్టుల దగ్గర ‘హెన్రీ రీడ్’ అనే స్టీమరు అద్దెకు తీసుకున్నారు. ఆ ఒక్క నిర్ణయంతో అధికారులు చూపించే ఊళ్లు కాక, తాను చూడాలనుకున్న ఊళ్లు చూడగలిగారు. 1887లోనూ ఆ నదిమీద తిరిగిన మనిషి కావడంతో తేడా ఇట్టే తెలిసింది. ఒకప్పుడు 40,000 మంది ఉన్న బొలోబోలో ఇప్పుడు 7,000, 8,000కు మించి లేరని రాశారు. జనం తగ్గడానికి నిద్రజబ్బు కూడా ఒక కారణమని దాచకుండా చెప్పారు. ఆయన మాటకు బరువు తెచ్చింది ఈ నిజాయితీయే.

1904 ఫిబ్రవరిలో నివేదిక అచ్చయింది. కానీ లండన్‌లోని విదేశాంగ శాఖ మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు తీసేసి వాటి స్థానంలో అక్షరాలు పెట్టింది. కేస్‌మెంట్ మండిపడ్డారు. ఆ కోపం న్యాయమైనది. బాధితుడు ఎవరో, ఊరు ఏదో తెలియని సాక్ష్యాన్ని కట్టుకథ అని కొట్టిపారేయడం తేలిక. మరోవైపు, పేరు బయటపడితే చాలు, కాంగో అధికారులు ఆ మనిషి మీదే పడ్డారు. చెయ్యి పోగొట్టుకున్న ఎపొండో అనే కుర్రాడి చేత, తనను అడవిపంది కరిచిందని మాట మార్పించి, దాన్నే కేస్‌మెంట్ మీద ఆయుధంగా వాడుకున్నారు.

ఒత్తిడి మాత్రం ఆగలేదు. లియోపోల్డ్ తానే ముగ్గురితో విచారణ సంఘం వేయాల్సి వచ్చింది. ఆ సంఘం ముందుకు బొలిమా పెద్ద లొంటులు 110 పుల్లలు తెచ్చాడు. రబ్బరు కోసం చనిపోయిన ఒక్కొక్కరికి ఒక్కో పుల్ల. ఒక్కొక్కటే చూపిస్తూ పేర్లు చెప్పాడు. 1905లో సంఘం నివేదిక కేస్‌మెంట్ రాసినదాన్ని బలపరిచింది. 1908లో కాంగో లియోపోల్డ్ చేతిలోంచి జారి బెల్జియం ప్రభుత్వానికి వెళ్లింది. సాక్షుల వాంగ్మూలాలు మాత్రం నివేదికతో పాటు అచ్చు కాలేదు. 1980ల దాకా బెల్జియం వాటిని పరిశోధకులకు అందనివ్వలేదు.