ఇంటెలా, ఎ.ఎం.డి.యా? ఒక పోటీ చరిత్ర

2000వ సంవత్సరములో, విశ్వవిద్యాలయము విడిచి వచ్చిన కొత్తలో, ఇంటికొక కంప్యూటరు కూర్చుకొనవలెనని మా బాబాయితో కలిసి సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళినాను. ఆ భవనములో ఎటు చూచినా కంప్యూటరు విడిభాగముల దుకాణములే. ఒక దుకాణదారు మా ముందు రెండు ప్రాసెసరులు పెట్టినాడు. ఒకటి ఇంటెల్ కంపెనీది, రెండవది ఎ.ఎం.డి. కంపెనీది. “ఏదైనా ఒకటే సార్, అన్ని ప్రోగ్రాములూ రెండింటి మీదా నడుస్తాయి. ఏది కావాలో చెబితే దానికి తగ్గ బోర్డు తీస్తాను” అన్నాడు.

మా బాబాయి బడిలో లెక్కలు చెప్పిన ఉపాధ్యాయులు. ఆ మాట ఆయనకు పొసగలేదు. “రెండూ ఒకే పని చేస్తాయంటున్నాడు. మరి ఒకదాని బోర్డులో రెండోది ఎందుకు పట్టదురా?” అని నన్ను అడిగినారు. నేను చదివిన చదువులో దానికి సమాధానము లేదు. తరువాత చాలా ఏండ్లకు గాని, అది యంత్రశాస్త్రమునకు సంబంధించిన ప్రశ్న కాదనీ, చరిత్రకు సంబంధించినదనీ నాకు తెలియలేదు.

ఈ రెండు కంపెనీలూ ఒక్క గూటి పక్షులే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో 1957లో ఎనిమిదిమంది శాస్త్రజ్ఞులు కలిసి ఫెయిర్‌చైల్డ్ సెమికండక్టర్ అను సంస్థను నెలకొల్పినారు. వారిలో ఇద్దరు, రాబర్ట్ నాయిస్, గోర్డన్ మూర్, 1968 జూలైలో బయటకు వచ్చి ఇంటెల్‌ను స్థాపించినారు. ఫెయిర్‌చైల్డ్‌లోనే అమ్మకముల వ్యవహారము చూచుచుండిన జెర్రీ శాండర్స్ మరి ఏడుగురితో కలిసి 1969 మే 1వ తేదీన ఎ.ఎం.డి.ని ప్రారంభించినాడు. నాయిస్, మూర్‌లు పరిశోధకులు. శాండర్స్ అమ్మకము తెలిసినవాడు. ఈ భేదము తరువాతి కథలో చాలాకాలము కనిపించును.

1971 నవంబరులో ఇంటెల్ 4004 అను చిప్పును విడుదల చేసినది. గణకయంత్రము మెదడంతయు ఒక్క తునకలో ఇమిడి, బజారులో అమ్మకమునకు వచ్చిన మైక్రోప్రాసెసరులలో అది మొదటిది. అందులో 2,300 ట్రాన్సిస్టరులు ఉన్నవి. 1954లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన తొలి ట్రాన్సిస్టరు రేడియోలో నాలుగే ఉండెడివని గుర్తుచేసికొన్నచో, పదునేడేండ్లలో నడిచిన దూరమెంతో మన శ్రోతలకు తెలియగలదు.

అసలు కథ 1981లో మొదలైనది. ఐ.బి.ఎం. అను మహాసంస్థ ఆ ఆగస్టులో తన పర్సనల్ కంప్యూటరును లోకమునకు చూపినది. దానికి ఇంటెల్ వారి 8088 ప్రాసెసరును ఎన్నుకొన్నది. అయితే ఒక షరతు పెట్టినది: ఆ చిప్పును ఇంటెల్ ఒక్కటే కాక మరియొక కంపెనీ కూడ తయారుచేసి ఇవ్వవలెను. పెళ్ళివారు విందుకు కావలసిన పాలన్నిటికీ ఒక్క పాలవానినే నమ్ముకొని కూర్చుందురా? ఆ రోజు అతని గేదె తన్నినచో పెళ్ళివారి గతియేమి? ఐ.బి.ఎం. ఆలోచన అంతకంటె గొప్పదేమీ కాదు. ఆ షరతు ఫలితముగా 1982లో ఇంటెల్, ఎ.ఎం.డి.ల మధ్య ఒప్పందము కుదిరినది. ఇంటెల్ రూపొందించిన చిప్పును ఎ.ఎం.డి. కూడ చట్టబద్ధముగా చేసి అమ్మసాగినది.

ఇక్కడ ఒక సంగతి వివరింపవలసియున్నది. ప్రాసెసరుకు కొన్ని ఆజ్ఞలు మాత్రమే తెలియును: ఈ రెండంకెలు కూడుము, ఈ ఫలితము ఫలానా చోట దాచుము, ఇటువంటివి. ఆ ఆజ్ఞల సముదాయమే దాని భాష. ప్రోగ్రాములన్నియు తుదకు ఆ భాషలోనికే దిగివచ్చును. కనుక రెండు కంపెనీల చిప్పులు ఒకే భాష తెలిసినవైనచో, ప్రోగ్రామునకు అవి రెండూ ఒక్కటే. దుకాణదారు చెప్పిన “ఏదైనా ఒకటే సార్” అనుమాట వెనుక 1982 నాటి కాగితము ఉన్నదన్నమాట.

ఒప్పందము ఎక్కువకాలము సవ్యముగా సాగలేదు. 1985 అక్టోబరులో 386 వచ్చుసరికి ఇంటెల్ తన చిప్పును పంచుకొనుటకు ఇష్టపడలేదు. ఐ.బి.ఎం. యంత్రమునకు నకళ్ళు చేయు కంపెనీలు అప్పటికి ఎన్నో పుట్టినవి. కొనువాడు ఒక్కడే కానప్పుడు షరతు పెట్టువాడును లేడు. ఇంటెల్ పక్షమున చెప్పదగినది లేకపోలేదు. కోట్ల డాలర్లు వెచ్చించి తాము కన్న బిడ్డను పొరుగువారి చేతిలో ఎందుకు పెట్టవలెను? కాని సంతకము చేసిన కాగితమునకు విలువ లేదా అని ఎ.ఎం.డి. 1987లో మధ్యవర్తి యెదుటికి వెళ్ళినది. తగవు నడుచుచుండగనే, నమూనా ఇవ్వనిచో మేమే చేసికొందుమని సొంతముగా రూపొందించి 1991 మార్చిలో ఎ.ఎం. 386ను విడుదల చేసినది. ఇంటెల్ 386 వేగము 33 మెగాహెర్ట్జుల వద్ద ఆగగా, ఇది 40 వరకు వెళ్ళినది. మెగాహెర్ట్జులు మన శ్రోతలకు కొత్త కావు. ఇక్కడ అవి స్టేషను జాడను కాక పరుగు వేగమును తెలుపును. 1992లో మధ్యవర్తి, 1994 డిసెంబరులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఎ.ఎం.డి.కి అనుకూలముగా తీర్పు చెప్పినవి. ఆ తీర్పు మరొక విధముగా వచ్చియున్నచో, మా ముందు ఆ దుకాణదారు రెండు ప్రాసెసరులు పెట్టియుండడేమో!

అంకెను ఎవరూ తమ సొంత పేరుగా చెప్పుకొనజాలరని 1991లో అమెరికా న్యాయస్థానమొకటి తేల్చినది. అందువలన ఇంటెల్ 1993లో తన ఐదవతరము చిప్పునకు పెంటియం అను పేరు పెట్టినది. గ్రీకు భాషలో ఐదునకు ‘పెంటే’ అందురు. మన ‘పంచ’కు అది చుట్టమే. మరుసటి యేడు ఆ చిప్పు కొన్ని భాగహారములలో తప్పు చూపుచున్నదని థామస్ నైస్‌లీ అను గణితాచార్యుడు కనిపెట్టినాడు. చిప్పులు మార్చి ఇచ్చుటకు ఇంటెల్ 47 కోట్ల 50 లక్షల డాలర్లు ఖర్చు వ్రాసుకొన్నది. భాగహారము తప్పినదని వినగానే మా బాబాయి మళ్ళీ మళ్ళీ చెప్పించుకొని నవ్వినారు.

పెంటియం నిర్మాణమునకు నాయకత్వము వహించినవారిలో పుణెలో పుట్టి ఢిల్లీలో ఇంజనీరింగు చదివిన వినోద్ ధాం ఒకరు. ఆయన 1995లో ఇంటెల్‌ను విడిచి నెక్స్‌జెన్ అను చిన్న కంపెనీలో చేరినారు. ఎ.ఎం.డి. ఆ కంపెనీని కొన్నది. అక్కడి కృషి నుండి 1997లో కె6 పుట్టినది. పెంటియం కూర్చుండు ‘సాకెట్ 7’ అను పీటమీదనే కె6 కూడ కూర్చుండెడిది. బోర్డు మార్చకుండ కంపెనీ మార్చగలిగిన రోజులవి. ఇల్లుగలవానికి అంతటి స్వేచ్ఛ మళ్ళీ రాలేదు.

అదే సంవత్సరము ఇంటెల్ పెంటియం 2ను విడుదల చేయుచు, పీటను తీసివేసి ‘స్లాట్ 1’ అను కొత్త గాడిని పెట్టినది. ఆ గాడిని ఎ.ఎం.డి. వాడుకొనుటకు అనుమతి లేకపోయినది. 1999లో ఎ.ఎం.డి. తన అథ్లాన్‌కు ‘స్లాట్ ఎ’ అను వేరొక గాడిని ఎన్నుకొన్నది. చిత్రమేమనగా చూపునకు అది స్లాట్ 1 వంటిదే, దిక్కు మార్చి అమర్చినారు. లోపల నడుచు సంకేతములు మాత్రము ఆల్ఫా అను వేరొక ప్రాసెసరు నుండి తెచ్చుకొన్నవి. మా బాబాయి ప్రశ్నకు జవాబు ఇదే. భాష ఒప్పందము వలన ఒకటైనది, పీట తగాదా వలన రెండైనది.

మేము ఆ రోజున ఎ.ఎం.డి.నే కొన్నాము. ధర తక్కువ, మిగిలిన సొమ్ముతో మెమరీ పెంచుకొనవచ్చును. అంతకుమించిన జ్ఞానము మాకు లేదు. ఆ మార్చి నెలలోనే ఎ.ఎం.డి. 6వ తేదీన, ఇంటెల్ 8వ తేదీన గిగాహెర్ట్జు వేగమును అందుకొన్నవి. రెండు రోజుల తేడాకు రెండు కంపెనీలవారూ ఎంత హడావిడి పడినారో!

తరువాత పాత్రలు తారుమారైనవి. 64 బిట్ల యుగమునకై ఇంటెల్ ఇటానియం అను కొత్త భాష గల చిప్పును 2001లో తెచ్చినది. పాత ప్రోగ్రాములు దానిమీద నత్తనడక నడిచినవి. ఎ.ఎం.డి. పాత భాషనే పొడిగించి 2003లో ఆప్టెరాన్‌ను తెచ్చినది. మరుసటి యేడు ఇంటెల్ ఆ పొడిగింపునే స్వీకరించినది. గురువు శిష్యుని వద్ద పాఠము నేర్చిన సందర్భమది. నేడు ఈ రెండు కంపెనీలలో ఎవరి చిప్పు కొన్నను అందులో రెండవవారి భాష కొంత ఉన్నది.

వ్యాజ్యములు మాత్రము ఆగలేదు. 2009లో ఇంటెల్ 125 కోట్ల డాలర్లు చెల్లించి ఎ.ఎం.డి.తో రాజీపడినది. ఆటలో గెలుపోటములును నిలకడగా లేవు. 2006లో ఇంటెల్ కోర్ 2 వచ్చి ఎ.ఎం.డి.ని వెనుకకు నెట్టినది. 2011 నాటి బుల్డోజర్ ఎ.ఎం.డి. అభిమానులనే నిరాశపరచినది. అటు తరువాత కొన్నేండ్లు పోటీ లేని ఇంటెల్ గృహస్థులకు నాలుగు కోరుల చిప్పులనే మార్చి మార్చి అమ్మినది. 2017లో ఎ.ఎం.డి. ఎనిమిది కోరుల రైజెన్‌ను 499 డాలర్లకు ఇచ్చినది. అన్నే కోరులు గల ఇంటెల్ చిప్పు ధర అప్పుడు వేయి డాలర్లకు పైమాటే. ఆ యేడే ఇంటెల్ కూడ గృహస్థుల చిప్పులలో కోరులు పెంచినది. ఆ పెంచిన చిప్పులకు సాకెట్టు సంఖ్య పాతదే, 1151. అయినను పాత బోర్డులు పనికిరావని చెప్పినది. ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.4 బోర్డులలో 2017లో కొన్నవి పలువురికి 2022 నాటి చిప్పును కూడ మోసినవి.

కంపెనీ పేరును ఇంటిపేరువలె పట్టుకొని వాదులాడువారిని చూచినప్పుడు నాకు జాలి కలుగును. వారు సమర్థించు చిప్పు ఏ సంవత్సరమునాటిదో అడిగినచో వాదము సగము చల్లారును.

ఇటీవల మా మేనల్లుడు కంప్యూటరు కట్టుకొందునన్నాడు. మళ్ళీ ఆ భవనమునకే వెళ్ళినాము. ఈసారియు బాబాయి మాతో వచ్చినారు, చేతికర్రతో. దుకాణములోని కుర్రవాడు రెండు పెట్టెలు తీయబోవుచుండగా ఆయన కుర్చీ లాగుకొని కూర్చుని, “ముందు బోర్డులు చూపించు నాయనా. ఇందులో ఇంకా ఎన్నేళ్ళ చిప్పులు పడతాయో చెప్పు” అన్నారు.