క్వారంటైన్ తొట్టి

క్వారంటైన్ తొట్టి అనగా సముద్రపు చేపలను పెంచే అక్వేరియంలలో వ్యాధి సోకిన చేపలను, కొత్తగా తెచ్చిన చేపలను మిగిలినవాటి నుండి వేరుచేసి ఉంచుటకు ఉపయోగించే ప్రత్యేకమైన చిన్న తొట్టి. చికిత్స కొరకు వాడినప్పుడు దీనిని ఆసుపత్రి తొట్టి అని కూడా అంటారు. ఉప్పునీటి చేపలకు సోకే తెల్లమచ్చ వ్యాధి చికిత్సలో దీని అవసరం స్పష్టంగా కనిపిస్తుంది.

పేరు

క్వారంటైన్ అనే మాట నలభై రోజులు అనే అర్థం గల వెనిస్ ప్రాంతపు పదం నుండి వచ్చింది. మధ్యయుగంలో ప్లేగు వ్యాపించకుండా ఓడలను, ప్రయాణీకులను రేవులో కొంతకాలం వేరుగా ఉంచేవారు. ఏడ్రియాటిక్ తీరంలోని రగూసా నగరం (నేటి దుబ్రోవ్‌నిక్) 1377లో ఇటువంటి వారికి ముప్పై రోజుల గడువు విధించింది. ఆ గడువు తరువాతి కాలంలో నలభై రోజులైంది.

ప్రత్యేక తొట్టి అవసరం

సముద్రపు అక్వేరియంలో చేపలతో పాటు పగడాలు, రొయ్యలు, నత్తలు, సముద్ర నక్షత్రాలు వంటి అకశేరుకాలు కూడా ఉంటాయి. చేపలకు మందుగా పనిచేసే రాగి ఈ జీవులకు విషం. ప్రధాన తొట్టిలోని సున్నపురాళ్ళు, పగడపు ఇసుక రాగిని పీల్చుకొంటాయి కనుక నీటిలో మందు మోతాదు నిలకడగా ఉండదు. కొన్ని మందులు నీటిని శుద్ధిచేసే బాక్టీరియాను కూడా దెబ్బతీస్తాయి. ఈ కారణాల వలన మందును ప్రధాన తొట్టిలో వేయక, చేపనే వేరే తొట్టికి మార్చి చికిత్స చేస్తారు.

తెల్లమచ్చ వ్యాధి

ఈ వ్యాధికి కారణం క్రిప్టోకేరియాన్ ఇర్రిటాన్స్ అనే పరాన్నజీవి. ఇది శైలికలు గల ఏకకణ జీవి. దీనికి ఈ పేరు 1951లో బ్రౌన్ పెట్టినది. మంచినీటి చేపలలో తెల్లమచ్చలు కలిగించే ఇక్తియోఫ్తిరియస్ చూడటానికి ఇటువంటిదే అయినా, ఈ రెండూ దగ్గరి బంధువులు కావు.

దీని జీవితచక్రంలో ప్రధానంగా నాలుగు దశలు ఉన్నాయి.

* మొదటి దశలో పరాన్నజీవి చేప చర్మంలోనికి, మొప్పలలోనికి చొచ్చుకొనిపోయి 3 నుండి 7 రోజులు కణజాలాన్ని తిని పెరుగుతుంది. ఉప్పురవ్వ పరిమాణంలో కనిపించే తెల్లని చుక్కలు ఇవే.
* రెండవ దశలో చేపను విడిచి, కొన్ని గంటలపాటు అడుగున పాకుతుంది.
* మూడవ దశలో ఇసుకకో, రాతికో, గాజుకో అంటుకొని తన చుట్టూ గట్టి కోశం నిర్మించుకొంటుంది. ఆ కోశంలో అనేక పిల్లజీవులుగా విభజన చెందుతుంది.
* నాలుగవ దశలో పిల్లజీవులు కోశం నుండి వెలువడి, ఈదుతూ చేపను వెదకుతాయి. చేప దొరకనిచో ఒకటి రెండు రోజులలో చనిపోతాయి.

చర్మం లోపల ఉన్నప్పుడు గాని, కోశంలో ఉన్నప్పుడు గాని పరాన్నజీవిపై రాగి పనిచేయదు. నీటిలో ఈదే దశలో మాత్రమే దానిని చంపగలదు. అందుచేత మచ్చలు మాయమవడం వ్యాధి తగ్గుటకు గుర్తు కాదు. పరాన్నజీవులు చేపను విడిచి అడుగున కోశాలు కట్టుకొన్నాయని మాత్రమే దాని అర్థం. మచ్చలు పోయాయని చికిత్స ఆపివేసినచో కొద్ది రోజులలో అంతకు ఎన్నో రెట్లు పరాన్నజీవులు తిరిగి దాడిచేస్తాయి. చేపలు ఎక్కువగా ఈ రెండవ దాడిలోనే చనిపోతాయి.

లక్షణాలు, వ్యాధి నిర్ధారణ

వ్యాధి సోకిన చేప రాళ్ళకు ఒళ్ళు రుద్దుకొంటుంది, మేత మానుతుంది, మొప్పలను వేగంగా ఆడిస్తుంది. మొప్పలకు మాత్రమే సోకినప్పుడు ఒంటిపై మచ్చలు కనిపించకపోవచ్చు. ఒళ్ళంతా సన్నని పొడి చల్లినట్లుండి, ఊపిరి అందక చేప నీరసిస్తే అది అమైలోడీనియం వలన కలిగే వెల్వెట్ వ్యాధి కావచ్చు. ఇది కొద్ది రోజులలోనే చంపగలదు. క్లౌన్ చేపలలో చర్మం నుండి దట్టమైన జిగురు ఊడిపోతుంటే బ్రూక్లినెల్లా అనే మరొక పరాన్నజీవిని అనుమానించాలి. దీనికి రాగి పనిచేయదు. కనుక ముందుగా వ్యాధిని గుర్తించి, తరువాత మందును ఎన్నుకోవాలి.

తొట్టి ఏర్పాటు

చిన్న చేపలకు 40 నుండి 80 లీటర్ల తొట్టి సరిపోతుంది. అడుగున ఇసుక గాని, రాళ్ళు గాని వేయరు. చేప దాగుటకు ప్లాస్టిక్ గొట్టాల ముక్కలు ఉంచుతారు. హీటరు, ఉష్ణమాపకం, గాలి పంపు, స్పాంజి ఫిల్టరు, మూత అవసరం. ఫిల్టరులో బొగ్గు వాడరాదు, అది చాలా మందులను పీల్చివేస్తుంది.

ఇటువంటి తొట్టిలో ఎక్కువ చేపలు చనిపోయేది వ్యాధి వలన కాక అమ్మోనియా వలన. చేప విసర్జించే అమ్మోనియాను మార్చివేసే బాక్టీరియా కొత్త తొట్టిలో ఉండదు. సముద్రపు నీటికి క్షారగుణం ఉండటం చేత అందులో అమ్మోనియా మరింత విషపూరితమవుతుంది. అందుచేత ఒక స్పాంజిని కొన్ని వారాల ముందునుండే ఆరోగ్యకరమైన ప్రధాన తొట్టిలో ఉంచి, అవసరమైనప్పుడు ఇందులోనికి మారుస్తారు. అమ్మోనియాను ప్రతిదినం పరీక్షించి, అది కనిపించినచో నీరు మార్చాలి. కొత్త నీటిలో కూడా అదే మోతాదులో మందు కలపాలి. అమ్మోనియాను అణచే కొన్ని ద్రావణాలు రాగితో కలిస్తే చేపకు హాని చేస్తాయి.

చికిత్సా పద్ధతులు

రాగి: అయాన్ల రూపంలోని రాగిని లీటరుకు 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల మధ్య కనీసం రెండు మూడు వారాలు నిలుపుతారు. ఈ స్థాయికి కొన్ని రోజులలో క్రమంగా చేర్చాలి. మోతాదు తగ్గితే పరాన్నజీవి బ్రతుకుతుంది, పెరిగితే చేప చనిపోతుంది. కనుక రాగిని కొలిచే పరీక్ష తప్పనిసరి. ఇతర పదార్థాలతో బంధించిన రాగి మందుల మోతాదు వేరుగా ఉంటుంది, తయారీదారు సూచనను పాటించాలి. సొరచేపలు, టేకు చేపలు రాగిని తట్టుకోలేవు.

లవణీయత తగ్గించుట: సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. దీనిని రెండు మూడు రోజులలో 15 గ్రాముల దరిదాపులకు తగ్గించి కొన్ని వారాలు ఉంచుతారు. తిరిగి పెంచేటప్పుడు మరింత నెమ్మదిగా పెంచాలి. తక్కువ ఉప్పును తట్టుకొనే పరాన్నజీవి రకాలు కూడా ఉన్నందున ఈ పద్ధతి అన్నివేళలా ఫలించదు.

తొట్టి మార్పిడి: ఇందులో మందు వాడరు. చేపను మూడు రోజులకొకసారి చొప్పున నాలుగుసార్లు శుభ్రమైన కొత్త తొట్టిలోనికి మారుస్తారు. రాలిన కోశాల నుండి పిల్లజీవులు వెలువడక మునుపే చేప అక్కడి నుండి వెళ్ళిపోతుంది. ఖాళీ అయిన తొట్టిని, పరికరాలను కడిగి పూర్తిగా ఎండబెట్టాలి.

ప్రధాన తొట్టి

ఒక చేపకే మచ్చలు కనిపించినా ప్రధాన తొట్టిలోని చేపలన్నిటినీ మార్చి చికిత్స చేయాలి. కోశాల నుండి పిల్లజీవులు సాధారణంగా నాలుగు వారాలలోపు వెలువడినా, 72 రోజుల వరకు పట్టిన సందర్భాలు నమోదయ్యాయి. ఆ కారణంగా చాలామంది ప్రధాన తొట్టిని 76 రోజులు చేపలు లేకుండా ఉంచుతారు. పగడాలకు, ఇతర అకశేరుకాలకు ఈ పరాన్నజీవి సోకదు కాబట్టి అవి అందులోనే ఉండవచ్చు.

నివారణ

కొత్తగా కొన్న ప్రతి చేపను 4 నుండి 6 వారాలు క్వారంటైన్ తొట్టిలో ఉంచి గమనించడం ఉత్తమమైన నివారణ. తడి వల, గొట్టం, చేతుల ద్వారా కూడా పరాన్నజీవి వ్యాపించగలదు కనుక రెండు తొట్టెలకు వేర్వేరు పరికరాలు వాడాలి. చేపలలోని కొన్ని బాక్టీరియా చేతి గాయాల ద్వారా మనుషులకు కూడా సోకగలవు, కాబట్టి పని ముగిసిన వెంటనే సబ్బుతో చేతులు కడుగుకోవాలి.