గెట్టు మీది వట్టివేరు



ఎండకాలం వచ్చిందంటే తాగునీటి కుండలో నాలుగు వట్టివేళ్లు వేసుకోవడం మీకు తెలియనిది కాదు. కిటికీకి ఖస్ తడిక కట్టి నీళ్లు చల్లితే ఎంత చల్లగా ఉంటుందో హైదరాబాదులో ఉన్న పెద్దలు చెబుతారు. కాని ఆ వేరు ఏ గడ్డిదో, ఆ గడ్డికి పొలంలో ఏం పనో అడిగితే మనలో చాలామంది చెప్పలేము. ఈ పూట ఆ ముచ్చట చెప్పుకుందాం.

ఇది ఏండ్ల తరబడి బతికే దుబ్బు గడ్డి. ప్రపంచం దీనిని ‘వెటివర్’ అంటుంది. ఆ పేరు తమిళుల ‘వెట్టివేర్’ నుండి పోయినదే. అత్తరు నూనె కోసం దీనిని జావాకు, రీయూనియన్ దీవికి, హైతీకి తీసుకుపోయి పెంచినారు. అందరూ వేరు వాసన చూసినారే గాని, ఆ వేరు నేలలో చేసే పనిని పట్టించుకోలేదు. పట్టించుకున్న వారు మైసూరుకు దక్షిణాన ఉన్న గుండ్లుపేట రైతులు. తరతరాలుగా వారు పొలాల హద్దుల మీద దీనిని నాటి, ఆకును కోసి పశువులకు వేసేవారు. ఏ ఆఫీసరూ చెప్పగా చేసిన పని కాదది.

1950లలో ఫిజీ చెరకు తోటల వాలుల్లో మన్ను కొట్టుకుపోకుండా జాన్ గ్రీన్‌ఫీల్డ్ ఈ గడ్డినే నాటించినాడు. తరువాత ఆయనా, రిచర్డ్ గ్రిమ్‌షా అనే ఆయనా ప్రపంచ బ్యాంకు తరఫున మన దేశానికి వచ్చి 1980లలో దీనిని ప్రచారం చేసినారు. 1987లో రైతుల కోసం చిన్న పుస్తకం కూడా వేసినారు. మన వైపు రంగారెడ్డి జిల్లా మహేశ్వరం పరీవాహక పథకంలోనూ దీనిని నాటినారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వారు ఎర్రనేలల్లో నిమ్మగడ్డితో, రాతి కట్టలతో పోల్చి చూస్తే వట్టివేరే మేలనిపించింది.

మరి అంత మంచి గడ్డి ఊరూరా ఎందుకు నిలవలేదు? తప్పు మా శాఖల వాళ్లదే అంటాను. దేశంలో చాలా చోట్ల కాంటూరు గీతలు గీసి, ఆ గీత ఎవరి చేను మధ్యగా పోతే వారి చేను మధ్యనే నాటించినారు. రెండెకరాల చేనుకు అడ్డంగా దుబ్బుల వరుస ఉంటే నాగలి ఎట్లా తిరుగుతుంది? రైతు దున్ని పారేసినాడు. గుండ్లుపేటలో నిలిచింది హద్దు మీద ఉన్నందుకే.

బుగ్గారం వైపు చల్కల్లో తొలకరి వాన గట్టిగా కొడితే పై మన్ను ఒర్రె పట్టి చెరువు చేరుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక మట్టిని ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నారు గదా! అందులో కొంత మన చేలదే, కిరాయి ఇచ్చి తిరిగి తెచ్చుకున్నాము.

కాబట్టి వాలు కిందివైపు గెట్టు మీదనే నాటండి. వానలు పడగానే పాత దుబ్బును పిలకలుగా చీల్చి, ఆకును జానెడు ఉంచి కోసి, రెండు మూడు పిలకల చొప్పున 10 నుండి 15 సెంటీమీటర్ల దూరంలో ఒకే వరుసగా పెట్టాలి. మన దక్షిణాది రకం మొలిచే గింజ ఇవ్వదు గనుక చేను నిండా కలుపై పాకుతుందన్న భయం లేదు. వేరు నిలువునా, మంచి నేలలో మూడు మీటర్ల దాకా దిగుతుంది. వరుస కలిసి గోడలా కావడానికి రెండు వానాకాలాలు పడుతుంది. అందాకా చచ్చిన చోటల్లా మళ్లీ పిలక పెట్టకపోతే నీళ్లన్నీ ఆ సందులోనే దూరి గండి పెడతాయి. లేత ఆకు పశువులు తింటాయి, ముదిరినది కొట్టాల మీద కప్పుకు పనికొస్తుంది.

ఒక్క మాట మరువకండి. వేరు అమ్ముకోవాలనే ఆశతో గెట్టు మీది దుబ్బును తవ్వితే గెట్టు తెగుతుంది. అమ్మకానికైతే ఇసుక పాలు ఎక్కువున్న చెలకలో వేరే మడి వేసుకోండి, ఏడాదిన్నరకు తవ్వుకోవచ్చు. దాని రకాల గురించి హైదరాబాదు బోడుప్పల్‌లోని సీమాప్ కేంద్రం వారిని అడగండి. గెట్టుకు కావలసిన నారు మాత్రం ఒక్క పాత దుబ్బు దొరికినా చాలు, రెండేండ్లలో మీరే పెంచుకోగలరు.