ట్రాక్టర్‌ది "పాత ఇంజన్" అంటే చిన్నబోకండి

"కొత్త పికప్‌లో ఓవర్‌హెడ్ క్యామ్, మన ట్రాక్టర్‌లో ఇంకా పాత పుష్‌రాడే" అనే మాట మీరూ వినే ఉంటారు. ఏది పాత, ఏది కొత్త? చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు.

ముందు తేడా చూద్దాం. వాల్వులను తెరిపించేది క్యామ్ షాఫ్ట్. అది కింద బ్లాకులో ఉండి, పొడవాటి కడ్డీలతో పైనున్న రాకర్లను నెడితే పుష్‌రాడ్ ఇంజన్. క్యామే పైన హెడ్‌లో కూర్చుంటే ఓవర్‌హెడ్ క్యామ్. దాన్ని తిప్పడానికి కింది నుంచి పైదాకా బెల్టో చైనో కావాలి.

జీడిమెట్ల పక్కన చింతల్‌లో హెచ్‌ఎంటీ మిషన్ టూల్స్ ఫ్యాక్టరీ మీకు తెలుసు కదా. అదే కంపెనీ 1971లో హర్యానాలోని పింజోర్‌లో ట్రాక్టర్లు మొదలుపెట్టింది. చెకోస్లోవేకియా జెటార్ నమూనా, 25 హార్స్ పవర్, పుష్‌రాడ్ ఇంజన్. అంబాసిడర్‌లో ఏళ్లతరబడి నడిచిన 1489 సీసీ ఇంజన్ కూడా పుష్‌రాడే. 1983లో వచ్చిన మారుతి 800తోనే బెల్టుతో తిరిగే ఓవర్‌హెడ్ క్యామ్ మన ఊళ్లలో మామూలైంది.

అట్లాగని ఓవర్‌హెడ్ క్యామ్ నిన్నమొన్నటిది కాదు. 1912లోనే ప్యూజో రేసు కారులో రెండు క్యామ్‌లు పైనే ఉన్నాయి. రేసుకు అది ఎందుకంటే, ఇంజన్ బాగా వేగంగా తిరిగితే కడ్డీల, రాకర్ల బరువుకు స్ప్రింగు అందుకోలేదు, వాల్వు సమయానికి మూసుకోదు. పైన క్యామ్ ఉంటే కడ్డీ బరువు ఉండదు. మన ట్రాక్టర్ దున్నేది రెండు వేల ఆర్‌పీఎం దగ్గర. అక్కడ ఆ ఇబ్బందే రాదు.

అమెరికాలో ఏం జరిగిందో చూడండి. ఫోర్డ్ 1990లలో తన పెద్ద ఇంజన్లను ఓవర్‌హెడ్ క్యామ్‌కు మార్చింది. మళ్లీ 2020లో బరువులు లాగే ట్రక్కుకు 7.3 లీటర్ల కొత్త ఇంజన్ చేసింది, అది పుష్‌రాడ్! వీ8కి ఒక్క క్యామ్ చాలు, హెడ్ చిన్నది, భాగాలు తక్కువ. ఇటు షెవర్లే మామూలు కార్వెట్‌కు పుష్‌రాడే ఉంచి, 8600 ఆర్‌పీఎం దాకా తిరిగే జెడ్06కు మాత్రం క్యామ్‌లు పైకెక్కించింది. అంటే పనిని బట్టే క్యామ్ చోటు.

ఇప్పుడు మన జేబు సంగతి. సెకండ్‌హ్యాండ్ పికప్ కొనేటప్పుడు బెల్టా, చైనా అని అడగండి. బెల్టయితే ఎన్ని కిలోమీటర్లకు మార్చారో బిల్లు చూడండి. అది తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్ వాల్వులకు తగిలి వంకరపోతాయి, ఖర్చు వేలల్లో ఉంటుంది.

నీళ్లు లేక ఇంజన్ వేడెక్కి హెడ్ వంగితే ఇంకో సంగతి. పుష్‌రాడ్ హెడ్‌కు చాలాసార్లు ఫేసింగ్‌తో పని అయిపోతుంది. ఓవర్‌హెడ్ క్యామ్ హెడ్‌లో క్యామ్ కూర్చునే చోట్లు కూడా ఒకే వరసలో ఉన్నాయో లేదో చూపించాలి. మిషన్ షాపులో ఈ మాట గట్టిగా అడగండి. లేకుంటే క్యామ్ బిగుసుకుని మళ్లీ మొదటికొస్తుంది.

ట్రాక్టర్‌కైతే పుస్తకంలో రాసిన గంటలకు టాపెట్ గ్యాప్ పెట్టించండి, ఆయిల్ మార్చండి.

మీ బండి బెల్టా, చైనా? కామెంట్‌లో రాయండి.