అమ్మానాన్నలతో సరస్సు సెలవు: న్యూజిలాండ్ తెలుగు కుటుంబాలకు ఒక ప్లాన్

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారనగానే మన ఇళ్లలో మొదలయ్యే ప్రశ్న ఒకటే: పిల్లల సెలవుల్లో అందరం కలిసి ఎక్కడికి వెళ్దాం? ఇటలీలోని కోమో సరస్సు ఫొటోలు చూసి మనసు అటు లాగడం సహజం. ముందు పాస్‌పోర్టులు బల్ల మీద పెట్టి చూడండి. న్యూజిలాండ్ పాస్‌పోర్టు ఉన్నవారు ఇటలీతో సహా షెంజెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజుల వరకు వీసా లేకుండా ఉండవచ్చు. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి ఇక్కడ రెసిడెన్సీ ఉన్నా షెంజెన్ వీసా తప్పనిసరి. అమ్మానాన్నల విజిటర్ వీసా మళ్లీ దేశంలోకి రావడానికి అనుమతిస్తుందో లేదో కూడా చూసుకోవాలి. వీటికి తోడు రోజంతా పట్టే విమాన ప్రయాణం. పెద్దవాళ్లతో వెళ్లే సెలవుకు మన దగ్గరి సరస్సులే మేలు. అందంలోనూ అవి కోమోకు తీసిపోవు.

ఏ సరస్సు ఎవరికి?

టౌపో: ఉత్తర ద్వీపంలో ఉండేవారికి ఇది సులువు. ఆక్లాండ్ నుంచి సుమారు 275 కిలోమీటర్లు, మూడున్నర గంటల ప్రయాణం. 616 చదరపు కిలోమీటర్ల ఈ సరస్సు దేశంలోనే పెద్దది. కోమో 146 చదరపు కిలోమీటర్లే. ఒకప్పుడు పేలిన అగ్నిపర్వతం గొయ్యిలో నీరు నిండి ఏర్పడింది. దగ్గర్లోనే హుకా జలపాతం, వేడినీటి కొలనులు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఎక్కువ నడక లేకుండా చూడగలిగినవి ఇక్కడ చాలా ఉన్నాయి. ట్రౌట్ చేపతో పులుసు పెట్టాలనుకునేవారు ఒక విషయం గమనించాలి. న్యూజిలాండ్‌లో ట్రౌట్ అమ్మడం, కొనడం నిషేధం. తినాలంటే లైసెన్సు తీసుకుని పట్టుకోవాల్సిందే. టౌపోకు ప్రత్యేక లైసెన్సు ఉంటుంది.

టెకాపో: క్రైస్ట్‌చర్చ్ నుంచి సుమారు 225 కిలోమీటర్లు, మూడు గంటలు. హిమానీనదాలు రాళ్లను అరగదీసిన మెత్తటి పిండి నీటిలో తేలడం వల్ల ఆ పాలు కలిపినట్టున్న నీలం రంగు వచ్చింది. ఒడ్డున 1935లో కట్టిన చిన్న రాతి చర్చి ఉంది. లోపల ఫొటోలు తీయనివ్వరు.

వకాటిపు: క్వీన్స్‌టౌన్ దీని ఒడ్డునే ఉంది. పొడవు సుమారు 80 కిలోమీటర్లు. దీని నీటిమట్టం అరగంట లోపే కొన్ని సెంటీమీటర్లు పెరిగి తగ్గుతూ ఉంటుంది. అడుగున పడుకున్న రాక్షసుడి గుండె కొట్టుకోవడమే కారణమని మావోరీ కథ. మన కుంభకర్ణుడి కథ తెలిసిన తాతయ్యలు పిల్లలకు రెండూ కలిపి చెప్పవచ్చు. ఎక్కువ నడవలేని పెద్దవాళ్లకు ఇక్కడ పడవ ప్రయాణం బాగుంటుంది. 1912 నుంచి తిరుగుతున్న ఎర్న్‌స్లా ఇప్పటికీ బొగ్గుతో నడిచే ఆవిరి నౌక.

ఎప్పుడు వెళ్లాలి?

క్రిస్మస్ నుంచి జనవరి చివరి వరకు ఇక్కడ వేసవి సెలవులు. సంక్రాంతి కూడా అప్పుడే వస్తుంది. గదులు నెలల ముందే నిండిపోతాయి, ధరలూ ఎక్కువే.

టెకాపోలో నక్షత్రాలు చూడాలనుకుంటే మాత్రం పంచాంగం తీయండి. ఈ ప్రాంతం 2012 నుంచి అంతర్జాతీయ చీకటి ఆకాశ రక్షిత ప్రాంతం. అక్కడ వెన్నెల ఉంటే చుక్కలు వెలవెలబోతాయి. ఉగాది ఎప్పుడూ అమావాస్య మర్నాడే కాబట్టి ఆ వారాంతం చీకటి రాత్రులే. పైగా అప్పుడు ఇక్కడ శరదృతువు. డిసెంబరులోలా చీకటి పడడానికి రాత్రి పదిన్నర దాకా పిల్లలను మేలుకోబెట్టనక్కర్లేదు. దీపావళి కూడా అమావాస్యే. మన ఊళ్లో దక్షిణాన కిందుగా, కొన్ని నెలలే కనిపించే త్రిశంకు నక్షత్రాలు టెకాపోలో ఏడాది పొడవునా కనిపిస్తాయి.

పెద్దవాళ్ల విషయంలో ముఖ్యమైనవి

మొదటిది ఇన్సూరెన్సు. ప్రమాదంలో దెబ్బ తగిలితే సందర్శకులకు కూడా ఏసీసీ కింద ఇక్కడ చికిత్సకు సాయం అందుతుంది. గుండెనొప్పి, షుగర్, న్యుమోనియా లాంటి జబ్బులు అందులోకి రావు. విజిటర్ వీసా మీద వచ్చినవారికి సాధారణంగా ప్రభుత్వ ఖర్చుతో వైద్యం ఉండదు. జారిపడి కాలు విరిగితే ఒక లెక్క, నడుస్తూ గుండెపోటు వస్తే పూర్తిగా వేరే లెక్క. ఇన్సూరెన్సు పాలసీలో పాత జబ్బులకు వర్తిస్తుందా లేదా అన్నది టికెట్లు కొనే ముందే చదవండి. ఉన్న బీపీ, షుగర్ దాచకుండా రాయించండి. 2025 సెప్టెంబరులో మొదలైన పేరెంట్ బూస్ట్ వీసాకైతే ఆరోగ్య ఇన్సూరెన్సు తప్పనిసరి.

రెండోది విమానాశ్రయం. పాలకోవా, నెయ్యి, తేనె, విత్తనాలు, పచ్చి కరివేపాకు లాంటివి చెప్పకుండా తెస్తే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. ఉన్నవన్నీ డిక్లరేషన్‌లో రాస్తే జరిమానా ఉండదు. అనుమతి లేనివి తీసేసుకుంటారు, అంతే. "కొంచెమే కదా, ఏం కాదులే" అని అమ్మ అనకముందే ఫోన్లో చెప్పండి.

మూడోది విశ్రాంతి. హైదరాబాద్ నుంచి వచ్చిన రోజే కారులో దూర ప్రయాణం పెట్టుకోవద్దు. క్రైస్ట్‌చర్చ్ నుంచి క్వీన్స్‌టౌన్ దాదాపు ఆరు గంటలు. మధ్యలో టెకాపోలో ఒక రాత్రి ఆగితే అందరికీ హాయి.

దారిలో, నీటి దగ్గర

ఏడేళ్లు నిండని పిల్లలకు కారులో చైల్డ్ సీటు చట్టప్రకారం తప్పనిసరి. అద్దె కారు తీసుకునేటప్పుడే అడగండి. ఒకే వరుస వంతెనల దగ్గర ఎవరు ఆగాలో చెప్పే బోర్డు చూడండి. చలికాలంలో లిండిస్ పాస్ లాంటి కనుమల్లో మంచు పడుతుంది. టైర్లకు గొలుసులు వెంట ఉండాలి.

దక్షిణ ద్వీపపు సరస్సుల్లో ఎండాకాలంలో కూడా నీరు వణికిస్తుంది. ఒక్కసారిగా దిగితే ఊపిరి ఎగబీలుస్తుంది, ఈత వచ్చినవారు కూడా మునిగిపోయే ప్రమాదం అప్పుడే. ఒడ్డున మోకాళ్ల లోతే అనిపించినా రెండడుగుల తర్వాత లోతు ఒక్కసారిగా పెరగవచ్చు. పిల్లలు చేతికందే దూరంలోనే ఉండాలి. పడవలో ఎంతమంది ఉంటే అందరికీ సరిపడే కొలతల లైఫ్ జాకెట్లు ఉండాలి. చీర కట్టుకున్నా సరే, అమ్మమ్మకు కూడా వేయాల్సిందే. ఆపదలో ఫోన్ 111. కొండల మధ్య చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఎక్కడికి వెళ్తున్నారో ఎవరికైనా ముందే చెప్పి వెళ్లండి.

వంట సంగతి

టెకాపోలో దుకాణాలు తక్కువ. బియ్యం, పప్పు, పచ్చళ్లు క్రైస్ట్‌చర్చ్‌లోనే సర్దుకోండి. వంటగది ఉన్న మోటెల్ లేదా హాలిడే హోమ్ తీసుకుంటే పెద్దవాళ్లకు వేళకు అన్నం, మందులు కుదురుతాయి. రైస్ కుక్కర్ డిక్కీలో పెట్టుకోవడం మరవద్దు.

బుక్ చేసే ముందు ఈ వరుసలో తేల్చుకోండి: వీసా గడువు, ఇన్సూరెన్సు, తేదీలు, ఆ తర్వాతే గది. గది ముందు బుక్ చేసి మిగతావి దానికి సర్దుబాటు చేయాలంటే పెద్దవాళ్ల ఆరోగ్యం దగ్గరే రాజీ పడాల్సి వస్తుంది.